1:18 కారుకి సామాన్లు ఏ బజార్లో దొరుకుతాయి? – మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నమస్తే సార్, మాది అనంతపురం, ఉద్యోగం బెంగళూరులో, ఉండేది మారతహళ్ళి. ఈమధ్యే 1:18 సైజు, అంటే అసలు కారులో 18వ వంతు ఉండే వోక్స్‌వ్యాగన్ బీటిల్ డైకాస్ట్ (లోహం పోత పోసి చేసిన మోడల్ కారు) ఒకటి కొన్నా. బయటికి బాగానే ఉంది గానీ వెనక మూత ఎత్తితే ఇంజన్ మొత్తం ఒకటే నల్ల ప్లాస్టిక్ ముద్ద, వైర్లు లేవు, లోపల సీటు బెల్టులు లేవు, కింద కార్పెట్ లేదు, హెడ్‌లైట్ మధ్యలో నల్ల చుక్క ఒకటి కనిపిస్తా ఉంది. యూట్యూబ్‌లో వేరే దేశాల వాళ్ళవి చూస్తే అచ్చం నిజం కార్లే. మాల్‌లో బొమ్మల షాపుల్లో అడిగితే పార్ట్స్ రావు సార్, ఇంకో కారు తీసుకోండి అంటున్నారు. ఇవి బెంగళూరులో దొరకవా?
– మారతహళ్ళి పాఠకుడు

జవాబు: దొరుకుతాయండీ, కాకపోతే 1:18 పార్ట్స్ అని బోర్డు పెట్టుకున్న షాపు కోసం తిరిగితే చెప్పులు అరుగుతాయి అంతే. మీరు షాపువాడికి కారు సంగతే ఎత్తొద్దు, వస్తువు ఎన్ని ఎంఎం (మిల్లీమీటర్లు) కావాలో చెప్పండి. అసలు బండి మీద ఆ వస్తువు కొలత ఎంతో తెలుసుకుని 18తో భాగించి, వచ్చిన నంబరు చీటీ మీద రాసుకుని జేబులో వేసుకోండి. చేతిలో సన్నటి కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్ ఒకటి ఉంటే ఇంకా మంచిది, డిజిటల్‌ది మరీ ఖరీదేం కాదు, ఈ హాబీలో మొట్టమొదట కొనాల్సింది అదే, బ్రష్షులూ పెయింట్లూ తర్వాత.

ఇప్పుడు మీ ఇంజన్ చూద్దాం. నిజం కారులో స్పార్క్ ప్లగ్ వైరు దాదాపు 7 ఎంఎం మందం ఉంటుంది, 18తో భాగిస్తే 0.39. ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజార్లో మోటారు వైండింగ్ రాగి తీగ అమ్మేచోట 28 గేజ్ (గేజ్ అంటే తీగ మందం నంబరు) అడగండి, అది 0.376 ఎంఎం, అంటే సరిగ్గా సరిపోయినట్టే, నల్లరంగు పల్చగా ఒక పూత వేస్తే పనైపోతుంది. ఇక్కడొక తిరకాసు ఉంది, మన దగ్గర వైండింగ్ తీగ అమ్మేది ఎస్‌డబ్ల్యూజీ (బ్రిటిష్ గేజ్) లెక్కలో, అమెరికా వీడియోల్లో చెప్పేది ఏడబ్ల్యూజీ (అమెరికన్ గేజ్), అదే 28 గేజ్ వాళ్ళ లెక్కలో 0.32 అవుతుంది, అందుకే గేజ్ నమ్ముకోకుండా కాలిపర్ పెట్టి కొలుచుకోండి. తొడుగు ఉన్న రంగు వైరే కావాలంటే 30 గేజ్ వైర్ రాపింగ్ వైరు అని ఎలక్ట్రానిక్స్ షాపుల్లో ఉంటుంది, తొడుగుతో కలిపి అర ఎంఎం వస్తుంది, కొంచెం లావే గానీ కంటికి తేడా కొట్టదు. మామూలు హుకప్ వైరు మాత్రం వద్దు, అది తొడుగుతో ఒక ఎంఎం దాటిపోతుంది, ఇంజన్ మీద తోటకి నీళ్ళు పెట్టే పైపు పడేసినట్టుంటుంది.

మీది పాత బీటిల్ కదా, నాలుగు సిలిండర్ల ఇంజన్, కాబట్టి ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ నుంచి ప్లగ్గులకి నాలుగు వైర్లు, కాయిల్ నుంచి వచ్చేది ఒకటి, మొత్తం ఐదు. అది గాలితో చల్లబడే ఇంజన్, రేడియేటరే లేదు, ఎవరో వీడియోలో పెట్టారని మీరూ రేడియేటర్ గొట్టాలు పెట్టకండి, చూసినవాళ్ళు నవ్వుతారు. ఏ పార్టు తగిలించే ముందైనా అసలు కారు ఇంజన్ ఫొటోలు నాలుగైదు దిక్కుల నుంచి చూసుకోండి, నన్నడిగితే సగం పని అదే.

సీటు బెల్టు వెడల్పు నిజంలో 5 సెంటీమీటర్లకి కాస్త తక్కువ, మీ కారుకి 2.6, 2.7 ఎంఎం అలా రావాలి. చిక్‌పేటలో లేసులు, రిబ్బన్లు అమ్మే షాపుల్లో 3 ఎంఎం శాటిన్ రిబ్బన్ ఉంటుంది, అదే దగ్గర. శాటిన్ మెరుపు బెల్టుకి నప్పదు కాబట్టి తిరగేసి వాడండి, ఇంకా మెరుస్తుంటే మ్యాట్ వార్నిష్ కొట్టండి. బకిల్ కోసం కూల్ డ్రింక్ డబ్బా కత్తిరించుకుంటే చాలు, ఆ రేకు 0.1 ఎంఎం ఉంటుంది, అంటే నిజం కారులో దాదాపు 2 ఎంఎం స్టీలు రేకు లెక్క. ఇంకో మాట, అసలు మీ బీటిల్ ఏ సంవత్సరం మోడలో చూసుకోండి. అమెరికాలో కొత్త కార్లకి బెల్టులు కంపల్సరీ చేసింది 1968 నుంచి, అంతకుముందు మోడల్ అయితే బెల్టు లేకపోయినా తప్పు పట్టేవాడు ఉండడు, ఆ ఖర్చు మిగిలినట్టే.

కార్పెట్‌కి ఫ్లాకింగ్ పౌడర్ అని దొరుకుతుంది, పొడి పొడిగా ఉండే సన్నటి పీచు నుసి. ఫ్లోరు మీద ఫెవికాల్ నీళ్ళలో కొంచెం పలచన చేసి బ్రష్‌తో రాసి, టీ వడగట్టే జాలీలోంచి పౌడర్ దట్టంగా జల్లి, బాగా ఆరాక బోర్లించి తట్టేయండి. నగల పెట్టెలకి అంటించే వెల్వెట్ స్టిక్కర్ షీటు వాడేవాళ్ళూ ఉన్నారు, నాకు మాత్రం నచ్చదు, దాని మందం ఒక ఎంఎం ఉందనుకోండి, నిజం కారులో 18 ఎంఎం అవుతుంది, కార్పెట్ కాదు పరుపు.

ఇక ఆ హెడ్‌లైట్ చుక్క. తక్కువ రేటు డైకాస్టుల్లో లెన్స్ వెనక చిన్న పిన్ను ఉంటుంది, బాడీలోకి గుచ్చి నిలబెట్టడానికి, ఎదురుగా చూస్తే అదే నల్ల చుక్కలా కనబడుతుంది. లెన్స్ బయటికి తీసి పిన్ను కోసేసి, వెనక గిన్నె లోపల క్రోమ్ పెన్నుతో రాసి, లెన్స్ అంచుకి ఫెవికాలో ఐదు నిమిషాల ఎపాక్సీయో పెట్టి అంటించండి. ఫెవిక్విక్ జోలికి పోవద్దు, దాని ఆవిరికి లెన్స్ తెల్లగా మసకబారిపోతుంది, తర్వాత ఎంత తుడిచినా పూర్తిగా పోదు. లెన్స్ పోతే కూడా భయం లేదు, 7 అంగుళాల గుండ్రటి హెడ్‌లైట్ 18వ వంతు అంటే 9.9 ఎంఎం, పూసల షాపుల్లో నగలకి వాడే 10 ఎంఎం గాజు బిళ్ళలు ఉంటాయి, ఒకవైపు చదును ఇంకోవైపు ఉబ్బు, వాటిని క్యాబొషాన్ అంటారు, అదే దిగిపోతుంది.

చిక్‌పేట మెట్రోలో దిగితే చిక్‌పేట, అవెన్యూ రోడ్డు, ఎస్పీ రోడ్డు మూడూ నడిచే దూరమే. ఆదివారం ఎస్పీ రోడ్డులో చాలా షాపులు మూసేసి ఉంటాయి, శనివారం పొద్దున్నే పోండి, మధ్యాహ్నం అయ్యేసరికి జనంలో కాలు పెట్టడానికి జాగా ఉండదు. కన్నడ రాకపోయినా ఫర్వాలేదు, అక్కడ తెలుగు మాట్లాడే షాపువాళ్ళు బాగానే తగులుతారు.

ప్రశ్న: సార్, ఆన్‌లైన్లో 1:24 ఫొటో ఎచ్ సెట్లు (పల్చటి లోహపు రేకులో చెక్కిన సన్నటి పార్టులు) బోలెడు కనిపిస్తున్నాయి, 1:18వి చాలా తక్కువ. 1:24ది కొని 1:18కి వాడేయొచ్చా?
– ఎలక్ట్రానిక్ సిటీ పాఠకుడు

జవాబు: కొన్ని వాడొచ్చు, కొన్ని వాడకూడదు. 1:24 వస్తువు 1:18 కారు మీద పెడితే ఉండాల్సిన సైజులో ముప్పావు వంతే కనిపిస్తుంది. బ్రేక్ డిస్క్, స్టీరింగ్, డాష్‌బోర్డు మీటర్లు ఇలాంటివి వెంటనే పట్టుబడతాయి. స్క్రూ తలలు, క్లాంపులు, గ్రిల్‌కి వాడే సన్నటి జాలీ, గొళ్ళాలు ఇవన్నీ నిజం బండ్లలోనే రకరకాల సైజుల్లో ఉంటాయి కాబట్టి నడిచిపోతాయి. 1:24వే ఎందుకు ఎక్కువంటే ప్లాస్టిక్ కిట్లు కట్టేవాళ్ళ మార్కెట్ అది, టమియా లాంటి జపాన్ కిట్లు 1:24, అమెరికా కిట్లు ఎక్కువగా 1:25, పార్ట్స్ చేసేవాళ్ళు కూడా వాళ్ళని చూసే చేస్తారు.

ప్రశ్న: నమస్కారమండీ, మా ఆయనకి 1:18 జీపులంటే పిచ్చి. పుట్టినరోజుకి ఆ జీపు పక్కన పెట్టుకోవడానికి చిన్న గ్యారేజ్ సెటప్ ఇద్దామని ఉంది, జాకీ, పెట్రోలు డబ్బాలు, పనిముట్లు, ఒక మెకానిక్ బొమ్మ. ఆయనకి తెలియకుండా ఎక్కడ వెతకాలి?
– కేఆర్ పురం పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆర్సీ క్రాలర్ యాక్సెసరీస్ అని వెతకండి. రిమోట్‌తో బండల మీద ఎక్కించే జీపులు ఉంటాయి చూడండి, వాటిల్లో ట్రాక్సస్ టీఆర్ఎక్స్-4ఎం అనేది 1:18, యాక్సియల్ ఎస్‌సీఎక్స్24 అనేది 1:24. ఆ మొదటిదానికోసం చేసే జెర్రీ క్యాన్లు (పెట్రోలు డబ్బాలు), జాకీలు, పైన వేసే రూఫ్ రాక్, తాళ్ళు అన్నీ మీ ఆయన జీపుకి సరిపోతాయి. డైకాస్ట్ వాళ్ళు ఆ సెక్షన్ వైపు పెద్దగా చూడరు, అందుకే చెప్తున్నా. 1:10 అని రాసి ఉంటే మాత్రం కొనకండి, డబ్బా జీపు తలుపంత వస్తుంది.

మనిషి బొమ్మకి పావు తక్కువ నాలుగు అంగుళాల యాక్షన్ ఫిగర్ అడగండి, 5 అడుగుల 8 అంగుళాల మనిషి 1:18లో దాదాపు అంతే వస్తాడు. బొమ్మరిల్లు సామాన్లు ఎక్కువగా 1:12 ఉంటాయి, పెట్టె, బకెట్టు, బల్ల లాంటివి అందులోంచి తీసుకున్నా తప్పులేదు, ఎందుకంటే పెద్ద బకెట్టూ ఉంటుంది చిన్న బకెట్టూ ఉంటుంది. సీసా, స్పానరు, కుర్చీ మాత్రం తీసుకోవద్దు, వాటి సైజు అందరికీ తెలిసిందే. గోడ కడితే ఇటుక 10.5 ఎంఎం పొడవు, 5 ఎంఎం ఎత్తు వచ్చేలా గీయండి, మన 190 ఎంఎం ఇటుకకి అదే లెక్క.

ప్రశ్న: సార్, షెల్ఫు తుడుస్తుంటే పనమ్మాయి చెయ్యి తగిలి నా 1:18 కారు కుడి అద్దం విరిగి ఎక్కడో పడిపోయింది. కంపెనీకి మెయిల్ పెడితే జవాబు లేదు. ఇప్పుడేంటి దారి?
– ఇందిరానగర్ పాఠకుడు

జవాబు: ముందు సోఫా కింద టార్చి వేసి వెతకండి, సీరియస్‌గానే చెప్తున్నా, వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి పాత మేజోడు తొడిగి లాగితే చిన్న పార్టు మేజోడుకి అతుక్కుని ఆగుతుంది. దొరక్కపోతే అదే కారు విరిగిపోయిన పీసు ఎవరైనా తక్కువకి అమ్ముతున్నారేమో చూడండి, చక్రాలు, అద్దాలు, బంపర్ అన్నీ ఒకేసారి వచ్చేస్తాయి, నా లెక్కలో అన్నిటికంటే చవకైన దారి అదే. అదీ కాకపోతే త్రీడీ ప్రింటింగ్. ఎడమ అద్దం కొలిచి డిజైన్ చేయించి సాఫ్ట్‌వేర్‌లో మిర్రర్ కొడితే కుడిది వస్తుంది. ఎడమదానికి సిలికాన్ అచ్చు తీసి అందులో రెజిన్ (ఆరితే గట్టిపడే ద్రవ ప్లాస్టిక్) పోస్తే మళ్ళీ ఎడమదే వస్తుంది, ఈ చిన్న విషయం మర్చిపోయి రెజిన్ పారబోసుకునేవాళ్ళు చాలామంది. ప్రింటు వేసేవాళ్ళకి రెజిన్ ప్రింట్ కావాలని గట్టిగా చెప్పండి, మామూలు ప్లాస్టిక్ తీగ ప్రింటర్‌లో గీతలు గీతలుగా వస్తుంది. నెట్‌లో దొరికే ఫైలు 1:24ది అయితే 133 శాతానికి పెంచాలి, నిజం సైజులో గీసినదైతే 5.56 శాతానికి తగ్గించాలి, అప్పుడు కాడలాంటి సన్నటి భాగాలు అర ఎంఎం కంటే తక్కువైతే ముట్టుకుంటేనే విరుగుతాయి, అక్కడ కొంచెం లావు చేయించండి.

ప్రశ్న: బయటి దేశం నుంచి పార్ట్స్ తెప్పిస్తే కస్టమ్స్ ఎంత పడుతుంది? అమెరికాలో మా అక్కావాళ్ళు ఉన్నారు, వాళ్ళతో తెప్పించుకోవడం మేలా?
– హూడి పాఠకుడు

జవాబు: బొమ్మల మీద డ్యూటీ 2020 ఫిబ్రవరిలో 20 శాతం నుంచి 60కి పోయింది, 2023లో 70 అయింది, బొమ్మల పార్టుల మీద కూడా. 2021 జనవరి నుంచి బొమ్మలకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) మార్కు కూడా ఉండాలి. మనం స్కేల్ మోడల్ అనుకున్నది వాళ్ళకి బొమ్మగానే కనిపించొచ్చు, కాబట్టి ఆర్డరు పెట్టేటప్పుడే ధర, షిప్పింగ్, డ్యూటీ మూడూ కలిపి చూసుకుని అప్పుడు కూడా గిట్టుబాటైతేనే నొక్కండి. అక్కావాళ్ళకి డెకాల్స్ (మోడల్ మీద అంటించే పల్చటి స్టిక్కర్లు), ఎచ్ షీట్లు, బేర్ మెటల్ ఫాయిల్ (క్రోమ్ మెరుపు కోసం అంటించే పల్చటి రేకు) లాంటివి పురమాయించండి, కాగితాల మధ్య పెట్టుకుని తెచ్చేస్తారు. పెయింటు, థిన్నర్, స్ప్రే డబ్బాలు మాత్రం అడక్కండి, మండే సరుకు విమానంలో ఒప్పుకోరు, పాపం ఎయిర్‌పోర్టులో వాళ్ళు ఇబ్బంది పడతారు.

ప్రశ్న: నా 1:18 కారుకి కేఏ నంబర్ ప్లేటు పెట్టాలని ఉంది, ఏ సైజులో ప్రింటు తీయాలి?
– మారతహళ్ళి నుంచే ఇంకో పాఠకుడు

జవాబు: మన కార్ల పొడుగు ప్లేటు 500 బై 120 ఎంఎం, మీకు 27.8 బై 6.7 వస్తుంది. వెనక పొట్టి ప్లేటు కావాలంటే 340 బై 200, అది 18.9 బై 11.1. అక్షరాల ఎత్తు నిజంలో 65 ఎంఎం, మీకు 3.6. సొంత బండి అయితే తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలు, ట్యాక్సీ అయితే పసుపు మీద నలుపు. 4 బై 6 ఫొటో షీటు మీద పది పన్నెండు ప్లేట్లు పక్కపక్కన పెట్టి ఫొటో స్టూడియోలో ఒక్క ప్రింటు తీయించండి, ఫిట్ టు పేజ్ పెట్టొద్దని ముందే చెప్పండి, లేకపోతే సైజు మారిపోతుంది. కోసిన అంచు తెల్లగా కనబడుతుంది, దానికి నల్ల మార్కర్ తిప్పేయండి.