యాంటీబాడీకి సై7 రంగు అంటకపోతే ముందు బఫర్ చూడండి

50 మిల్లీమోలార్ ట్రిస్ బఫర్‌లో (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) ఉన్న యాంటీబాడీకి సై7 అనే మెరిసే (ఫ్లోరసెంట్) రంగు అంటడం లేదని రాశారు. తప్పు రంగుది కాదు, మీ ట్రిస్ బఫర్‌దే. సై7 ఎన్‌హెచ్‌ఎస్ ఎస్టర్ (ప్రోటీన్‌కు అంటుకునే కొస ఉన్న సై7) ప్రైమరీ అమీన్లతో (-NH2 గుంపులతో) కలుస్తుంది. యాంటీబాడీలోని లైసిన్లలాగే (ఒక రకం అమైనో ఆమ్లం) ట్రిస్‌లోనూ ఆ అమీన్ ఉంది. మీరు రాసిన 50 మిల్లీమోలార్ ట్రిస్‌లో 1 మి.గ్రా/మి.లీ. యాంటీబాడీ అంటే, ట్రిస్ అమీన్లు లైసిన్ల కంటే దాదాపు 90 రెట్లు ఎక్కువ. రంగంతా అటే పోతుంది.

"ఒకసారి డీసాల్ట్ చేశాను" (అంటే చిన్న అణువులను తీసేశాను) అన్నారు. చాలామంది అక్కడే ఆగిపోతారు. ట్రిస్ పదో వంతు మిగిలినా 5 మిల్లీమోలార్ ఉన్నట్టే, అది కూడా ఎక్కువే.

1. 30 కిలోడాల్టన్ల స్పిన్ ఫిల్టర్‌లో (పెద్ద ప్రోటీన్లను ఆపి చిన్న అణువులను వదిలేది) పది రెట్ల చొప్పున కనీసం మూడుసార్లు బఫర్ మార్చండి. కొత్త బఫర్: 0.1 మోలార్ సోడియం బైకార్బొనేట్, పీహెచ్ 8.3.
2. యాంటీబాడీ సీసా లేబుల్ చదవండి. గ్లైసిన్ ఉన్నా ఇదే సమస్య. బీఎస్ఏ (ఆవు రక్తపు ఆల్బుమిన్ ప్రోటీన్) ఉంటే ఈ ఫిల్టర్‌తో పోదు, అది లేని యాంటీబాడీ తెప్పించుకోవాలి.
3. రంగు సీసాను గది ఉష్ణోగ్రతకు వచ్చాకే తెరవండి. నీరులేని డీఎంఎస్ఓలో (ఒక ద్రావకం) కరిగించి వెంటనే వాడండి. మిగిలింది నీళ్లలో దాచొద్దు, ఎస్టర్ విరిగిపోతుంది.
4. చీకట్లో గంట ఉంచి, విడి రంగును డీసాల్టింగ్ కాలమ్‌తో తీసేయండి.

రంగు మరీ ఎక్కువ పోయకండి. ఒక యాంటీబాడీకి రెండు, మూడు అణువులు చాలు. దగ్గరదగ్గరగా అంటితే ఒకదాని వెలుగు ఒకటి ఆర్పేస్తాయి.