సుగ్గికి పోయినందుకు పాప కేసైంది, హాస్టల్ కోసం అప్పు చేయాలా?

ప్రశ్న: మాది ఆదోని దగ్గర పల్లె. భర్త చనిపోయాడు. పోయిన ఏడాది మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి (వలస కూలికి) పోతూ, ఇంటి దగ్గర చూసేవాళ్లు లేక, పన్నెండేళ్ల పాపను వెంట తీసుకుపోయినాను. అధికారులు చేలో చూసి బాలల సంక్షేమ సమితి ముందు పెట్టారు. బడికి పంపుతానని రాసిచ్చాక అప్పగించారు. ఇప్పటికే 60 వేల అప్పుంది, 3 రూపాయల వడ్డీ. ఇంకో 60 వేలు తెచ్చి పాపను ప్రైవేటు హాస్టల్లో వేయాలా? ఒకాయన 15 వేలు ఇస్తే కేసు లేకుండా చేస్తానంటున్నాడు.

జవాబు: రెండూ వద్దమ్మా. ముందు ఆ 15 వేల సంగతి: సమితి దగ్గర ఫీజు లేదు, కాబట్టి ఆయన అడిగేది మీ భయానికి రేటు, అంతే. లాయరు కావాలనిపిస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ఇస్తారు, 15100కు ఫోన్ చేయండి. ఇంకో మాట, పేదరికం ఒక్కటే చూపించి పిల్లను తల్లి దగ్గర నుంచి తీసుకుపోరు. పిల్లలను హోంలో పెట్టడం చివరి మార్గమని 2015 బాలల న్యాయ చట్టమే చెప్తుంది. కానీ 14 ఏళ్ల లోపు పాప మళ్లీ చేలో కనబడిందంటే అది వేరే లెక్క. మొదటిసారి తల్లిదండ్రులకు శిక్ష ఉండదు, రెండోసారి 10 వేల వరకు జరిమానా ఉంది.

ఇప్పుడు అప్పు. 60 వేలకు 3 రూపాయల లెక్కన నెలకు 1,800 వడ్డీకే పోతోంది, హాస్టల్ అప్పు కలిస్తే 3,600. కూలి దొరకని నెల అది ఎక్కడి నుంచి తెస్తారు? మళ్లీ సుగ్గికే పోవాలి, అంటే ఏ భయంతో హాస్టల్ అనుకున్నారో అక్కడికే వస్తారు. పొదుపు సంఘంలో ఉంటే రూపాయి వడ్డీ లోపే అప్పు దొరుకుతుంది, దాంతో పాతది తీర్చేస్తే నెలకు 1,200 పైనే మిగులుతుంది. సంఘంలో లేకపోతే చేరండి. అప్పు వెంటనే ఇవ్వరు, అయినా చేరండి.

హాస్టలే కావాలంటే కస్తూర్బా విద్యాలయం ఉంది కదా, ఆరో తరగతి నుంచి ఉచితం, తండ్రి లేని ఆడపిల్లలకు ప్రాధాన్యం ఇస్తారు. సీటు దొరకలేదనుకోండి, వలసపోయే వాళ్ల పిల్లల కోసం సుగ్గి కాలంలో నడిపే సీజనల్ హాస్టల్ గురించి హెడ్‌మాస్టర్‌ను ముందే అడిగి పెట్టుకోండి.

అసలు మీరు అడగనిది ఒకటి చెప్తాను. మిషన్ వాత్సల్య అనే పిల్లల రక్షణ పథకం కింద స్పాన్సర్‌షిప్ అని ఉంది, పిల్ల ఇంట్లోనే ఉండి చదువుకోవడానికి నెలకు 4 వేలు, 18 ఏళ్లు నిండే దాకా. భర్త లేని తల్లుల పిల్లలు దీని కిందికి వస్తారు, పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72 వేలు దాటకూడదు. దరఖాస్తు కర్నూలులోని జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో. మీ ఫైలు ఇప్పటికే సమితి దగ్గర ఉంది కాబట్టి వాళ్లనే అడగండి, మీరు భయపడుతున్న ఆఫీసే మీకు డబ్బు వచ్చే దారి కూడా. ఆధార్, రేషన్ కార్డు, భర్త మరణ ధ్రువపత్రం, ఆదాయ పత్రం, స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు పాసుబుక్ జిరాక్సులు పెట్టుకోండి. ఆదాయం ఉన్నది ఉన్నట్టే రాయించండి.

ఒక్క జాగ్రత్త. ప్రభుత్వ డబ్బు నెలనెలా తేదీకి పడుతుందనుకుని దాని మీద కొత్త కిస్తీ పెట్టుకోవద్దు. పాప బడి మానేస్తే ఇదీ ఆగుతుంది, పిల్లలను బడికి పంపే తల్లులకు ఏడాదికోసారి ఇచ్చే తల్లికి వందనం 13 వేలకూ 75 శాతం హాజరు చూస్తారు. సుగ్గిలో పాప తీసే కాయల కూలి ఎంతో మీకే తెలుసు, దాని పక్కన ఈ 13 వేలు, స్పాన్సర్‌షిప్ కింద ఏడాదికి వచ్చే 48 వేలు పెట్టి చూడండి.

వితంతు పింఛనుకు కూడా సచివాలయంలో అడగండి. ఏ దరఖాస్తుకైనా రసీదు తీసుకోండి. నెల దాటినా కదలకపోతే ఆ రసీదుతో సోమవారం ఆదోని సబ్ కలెక్టర్ ఆఫీసులో అర్జీ ఇవ్వండి, కర్నూలు దాకా చార్జీలు పెట్టుకుని తిరగక్కర్లేదు.