కడక్‌నాథ్ పుంజును కలిపితే నల్ల గుడ్లు వస్తాయా?

పెరట్లో నాలుగు నాటు పెట్టలున్నాయి, కడక్‌నాథ్ పుంజును తెచ్చి వదిలితే నల్ల గుడ్లు పెట్టే పిల్లలొస్తాయా అని అడిగారు. రావండీ. కడక్‌నాథ్‌కు తోలు, మాంసం, ఎముక నలుపే గానీ, గుడ్డు మాత్రం మన నాటుకోడి గుడ్డులా లేత గోధుమ రంగే. అసలు నల్ల గుడ్డు పెట్టే కోడి జాతే లేదు.

మాది చంద్రగిరి దగ్గర పల్లె. ఈ రంగు గుడ్ల పిచ్చి నాకూ పట్టి నాలుగేళ్లయింది. రంగు కావాలంటే చిలీ దేశపు అరౌకానా లాంటి నీలి గుడ్డు జాతి రక్తం కలవాలి. ఆ నీలం ఒక్క జన్యువుతో వచ్చేస్తుంది, తల్లిదండ్రుల్లో ఒక్కరు ఇచ్చినా చాలు. నీలం పెంకు లోపలిదాకా ఇంకి ఉంటుంది. గోధుమ రంగు చివర్లో పైన పడే పూత. నీలం మీద ఆ పూత పడితే గుడ్డు ఆకుపచ్చగా కనిపిస్తుంది. అందుకే గోధుమ గుడ్లు పెట్టే నా వనరాజా పెట్టలకు, బెంగళూరు నుంచి తెచ్చిన అరౌకానా పుంజును కలిపాను.

మొదటి విడత నా తొందరతోనే పోయింది. పాత అసీల్ పుంజును తీసేసిన వారానికే గుడ్లు ఏరి పొదుగు పెట్ట కింద పెట్టాను. 21 రోజులకు పిల్లలైతే దిగాయి, పెరిగేకొద్దీ అన్నీ అసీల్ పోలికే! పాత పుంజు వీర్యం పెట్ట కడుపులో రెండు మూడు వారాలు నిలుస్తుందని అప్పటిదాకా నాకు తెలీదు. పుంజును మార్చాక మూడు వారాల గుడ్లు కూరకే వాడుకోండి.

రెండో విడతలో ఐదు పెట్టలు మిగిలాయి, తక్కినవి ముంగిస పాలు. ఆరేడు నెలలకు గుడ్లకొచ్చాయి. రెండు పచ్చవి పెట్టాయి, మూడు మామూలు గోధుమవే. అసలు సిసలు జాతి అని అమ్మినాయన ఒట్టేసి చెప్పాడు గానీ, ఏ జన్యువైనా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు పాళ్లుగా ఉంటుంది; ఈ పుంజులో నీలి జన్యువు ఒక్క పాలే ఉందన్నమాట, అందుకే కొన్ని పిల్లలకే అందింది. రెండు పాళ్లూ ఉంటే ఐదూ పచ్చవే పెట్టాలి. పుంజు గుడ్డు పెట్టదు కదా, కూతుళ్లు పెట్టేదాకా దాని గుట్టు బయటపడదు.

తొలి పచ్చ గుడ్డు చూసి మా అమ్మ "ఇదేందిరా, బూజు పట్టిందా?" అని పక్కన పెట్టేసింది. నేనే పగలగొట్టి ఆమ్లెట్ వేశాను. పెంకు బయట ఆకుపచ్చ, లోపల లేత నీలం. వనరాజా పెంకు తిప్పి చూస్తే లోపల తెలుపే. రుచిలో మాత్రం ఏ తేడా లేదు, బలంలోనూ అంతే.

మళ్లీ మొదలుపెడితే పుంజును కాదు, నీలి గుడ్డు పెట్టే పెట్టనే కొంటాను. దాని పిల్లల్లో సగానికే ఆ రంగు వచ్చినా, డబ్బిచ్చే ముందు గుడ్డైనా కళ్లతో చూసుకోవచ్చు.