బిల్లులో ‘సుమారు 1775’ అని రాసిచ్చారు, ఇప్పుడు కాదంటున్నారు

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో ఉంటాం. పాతకాలపు మహోగని సామాను కొనడం ఎనిమిదేళ్లుగా నాకు పిచ్చి. నాలుగు నెలల కిందట ఒక యాంటిక్ షాపులో టాల్‌బాయ్, అంటే ఒకదాని మీద ఒకటి కూర్చునే రెండు ముక్కల సొరుగుల బీరువా, 3,200 పౌండ్లకు క్రెడిట్ కార్డు మీద కొన్నాను. బిల్లులో ‘మూడో జార్జ్ కాలం, మహోగని, సుమారు 1775’ అని ఉంది. పాలిష్‌కి పిలిచిన వడ్రంగి పై ముక్క, కింది ముక్క వేర్వేరు బీరువాలవని, వెనక చెక్క మీద గుండ్రటి రంపం గీతలున్నాయని అన్నాడు. షాపాయనేమో ‘చూసుకునే కదా కొన్నారు’ అంటున్నాడు. డబ్బు వెనక్కి వస్తుందా? తాళం రంధ్రాల చుట్టూ ఉన్న తెల్ల బిళ్లలు ఏనుగు దంతమేమోనని ఇంకో టెన్షన్.

జవాబు: మొత్తం డబ్బు వెనక్కి అడిగే హక్కు మీకుంది. ముందు ఆ బిల్లు భద్రం చేయండి, కేసంతా ఆ ఒక్క లైను మీదే నిలబడుతుంది. అందులో ‘జార్జియన్ స్టైల్’ అని ఉండి ఉంటే ఊరుకోమనే చెప్పేవాణ్ణి. ఈ వ్యాపారంలో స్టైల్ అంటే ఆ తరహాలో తర్వాతెప్పుడో చేసింది అని. రాజు పేరు, ఏడాది వేశారంటే ఆ కాలంలోనే చేసిందని మాటిచ్చినట్టే.

2015 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ ప్రకారం వస్తువు వర్ణనకు తగ్గట్టు ఉండాలి. షాపులో మీరే చూసి ఎంచుకున్నారన్న కారణంతో ఆ బాధ్యత పోదు. ‘ఉన్నది ఉన్నట్టు అమ్మాం’ అని బిల్లు కింద రాసుకున్నా చెల్లదు. కొన్న 30 రోజుల్లో వెంటనే తిరిగిచ్చేసే హక్కుకు మీకు గడువు దాటిపోయింది. తర్వాత రిపేరో, బదులు వస్తువో అడగాలి, కానీ రెండు బీరువాల ముక్కల్ని ఒకే బీరువాగా రిపేరు చేయడం ఎవరి తరం? అది కుదరదు గనక నేరుగా వస్తువు తిరిగిచ్చేయొచ్చు. ఆరు నెలల లోపు కాబట్టి వాడుకున్నందుకు కోత కూడా ఉండదు.

రంపం గీతల మీద మాత్రం ఎక్కువ ఆధారపడొద్దు. విల్లులా వంగిన గీతలు గుండ్రటి రంపంవే, దాని వాడకం పెరిగింది 19వ శతాబ్దంలో. కానీ ‘వెనక చెక్క ఎప్పుడో మార్చి ఉంటారు’ అని షాపాయన తప్పించుకుంటాడు. పై సొరుగు, కింది సొరుగు పక్కపక్కన పెట్టి, మూలల్లో చెక్కలు పళ్లలా కలిసే డవ్‌టెయిల్ అతుకుల్ని దగ్గరగా ఫొటోలు తీయండి. ఒకే పనివాడి చెయ్యి అయితే కోత ఒకేలా ఉంటుంది. వడ్రంగి చేత ఇదంతా కాగితం మీద రాయించుకోండి, పాలిష్ మాత్రం ఆపేయండి.

ఇంకో జాగ్రత్త. ‘ఎనిమిదేళ్లుగా కొంటున్నా, నాకన్నీ తెలుసు’ అని ఉత్తరంలో గొప్పలకు పోకండి. ఇంగ్లండ్ అప్పీల్ కోర్టుకు ఒకప్పుడు ఒక కేసొచ్చింది. జర్మన్ చిత్రకారిణి గాబ్రియేలె మ్యూంటర్ వేసిందనుకుని ఒక డీలర్ ఇంకో డీలర్ దగ్గర 6,000 పౌండ్లకు బొమ్మ కొన్నాడు. అది నకిలీ. కొన్నాయన అమ్మినవాడి మాట నమ్మలేదు, సొంత తెలివి మీద కొన్నాడని కోర్టు కేసు కొట్టేసింది. మీరు వ్యాపారి కాదు, ఇంటికి కొన్నారు, బిల్లు నమ్మి కొన్నారు. అంతవరకే రాయండి.

వస్తువు తిరిగిచ్చేస్తున్నట్టు రాతపూర్వకంగా చెప్పి 14 రోజులు గడువివ్వండి. కదలకపోతే కార్డు కంపెనీని పట్టుకోండి. 100 పౌండ్లు దాటి 30,000 వరకు ధర ఉన్న వస్తువుకు 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్ 75వ సెక్షన్ కింద వాళ్లదీ బాధ్యతే. అదీ కాకపోతే చిన్న మొత్తాల దావాలు వినే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు ఉంది, 10,000 పౌండ్ల దాకా వింటారు.

ఇక బిళ్లలు. భూతద్దంలో సన్నటి నల్ల చుక్కలు కనిపిస్తే చాలావరకు ఎముకే, గొడవ లేదు. ఏనుగు దంతమే అయితే 6 జూన్ 2022 నుంచి అమలులో ఉన్న ఐవరీ యాక్ట్ వర్తిస్తుంది. ఇంట్లో ఉంచుకుంటే తప్పు లేదు. అమ్మాలంటే మాత్రం 1947 మార్చి 3కి ముందు చేసినదై, దంతం 10 శాతం లోపు ఉండి, ముందే రిజిస్టర్ చేయించాలి. షాపాయన చేయించాడా అని మామూలుగా అడగండి. ‘డబ్బివ్వకపోతే ఫిర్యాదు చేస్తా’ అని మాత్రం రాయకండి, అది బెదిరింపు కింద మీకే చుట్టుకోవచ్చు.