ఆ ఎండు కొండల మీద ఏముంది?

ప్రశ్న: అమ్మా, మాది తిరుపతి. మావాడికి లాస్ వేగాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శుక్రవారం రాత్రి కారెక్కాడంటే డెత్ వ్యాలీ అనే ఎడారి లోయ వైపు పోతాడు, ఏదో ఒక కొండెక్కుతాడు. ఆదివారం రాత్రిదాకా ఫోన్ కలవదు. వాళ్లమ్మ ఆ రెండు రోజులూ దేవుడి గది వదలదు. ఏడుకొండలవాడి కాళ్లకాడ పుట్టినవాడికి గుడీ గోపురం లేని ఆ ఎండు కొండల మీద ఏం పని? మానిపించే దారి చెప్పండి. – ఒక తండ్రి

జవాబు: మానిపించే దారి నాకు తెలీదన్నా. తెలిసినా చెప్పను. ఉద్యోగం కోసం ఆ ఊళ్లో ఉన్న కాలంలో మా ఆయనకూ నాకూ పట్టిన పిచ్చి కూడా అదే.

ఏం పని అని అడిగారు కాబట్టి వినండి. డెత్ వ్యాలీలో బ్యాడ్‌వాటర్ అని ఉప్పు మైదానం ఉంది, సముద్రమట్టానికి 282 అడుగుల కింద. దానికి పడమటగా టెలిస్కోప్ పీక్ లేస్తుంది, 11,049 అడుగులు. మన తిరుమల సుమారు 2,800 అడుగులని గుర్తుపెట్టుకుని ఆ ఎత్తు ఊహించుకోండి. కింద లోయలో 1913 జూలైలో 56.7 డిగ్రీల ఎండ నమోదైంది. పైన చలికాలమంతా మంచు. శిఖరం దగ్గర బ్రిసిల్‌కోన్ పైన్ చెట్లుంటాయి, వేల ఏళ్లు బతికే జాతి. అక్కడ నిలబడితే ఒక పక్క ఆ ఉప్పు మైదానం, రెండో పక్క దూరంగా మౌంట్ విట్నీ కనిపిస్తాయి. అలాస్కాను పక్కన పెడితే అమెరికాలో అన్నిటికన్నా పల్లం, అన్నిటికన్నా ఎత్తు ఆ రెండే. దారీ తెన్నూ లేని చిన్న కొండల మీదైతే రాళ్ల కుప్ప మధ్య ఒక రేకు డబ్బా, అందులో నోటు పుస్తకం, పెన్సిల్ ముక్క పెట్టి ఉంటాయి. ఎక్కినవాళ్లు పేరూ తేదీ రాస్తారు. కొన్నింట్లో నాకు ముందు పేరు కిందటేడుది! నేను తెలుగులోనే రాసేదాన్ని. మీవాడి కంట ఎక్కడైనా పడే ఉంటుంది, అడిగి చూడండి.

ఇక భయం సంగతి. వాళ్లమ్మ పాములకు భయపడుతుంటారు, అవునా? నా భయం దిగే దారి గురించి. ఎక్కేటప్పుడు కొండ వెన్నులా సాగే ఏ గట్టు పట్టుకున్నా చివరికి శిఖరానికే చేరుస్తుంది. దిగేటప్పుడు అదే గట్టు రెండుగా, మూడుగా చీలుతుంది. పొద్దున వచ్చింది ఏదో గుర్తుండదు. పొద్దు వాలుతుంటుంది, కాళ్లు లాగుతుంటాయి, పక్కన వంక మెత్తటి ఇసుకతో రా రమ్మంటుంది. దాంట్లో దిగితే కాసేపు హాయి. ఆ తర్వాత కాళ్ల ముందు బండ తెగిపోతుంది. అంత ఎత్తు లేకపోయినా, నీళ్లు లేని తలకోన జలపాతాన్ని పై అంచు నుంచి చూసినట్టే. ముందుకు దిగలేరు, జారుకుంటూ దిగిన బండల మీదుగా వెనక్కి ఎక్కలేరు. అందుకే వచ్చిన దారినే తిరిగి రావాలి, నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగి చూసుకోవాలి. ఇది మీవాడికి తెలుసో లేదో కనుక్కోండి. తెలిస్తే సగం భయం తీసేయొచ్చు.

మిగతా సగానికి ఒక కాగితం చాలు. ఏ కొండ, ఏ వైపు నుంచి, కారు ఎక్కడ పెడతాడు, ఎన్ని గంటలకు మళ్లీ రోడ్డు మీదికొస్తాడు, ఆ గంట దాటితే ఎవరికి ఫోన్ చేయాలి. ఆ కాగితం మీ దగ్గర కాదు, లాస్ వేగాస్‌లోనే ఉన్న స్నేహితుడి దగ్గర ఉండాలి. ఆపదలో పిలిచే అక్కడి నంబరు 911, ఇక్కడి నుంచి మీరు నొక్కితే అక్కడ మోగదు. అక్కడ వెతికేది షెరిఫ్ ఆఫీసు, అంటే అక్కడి పోలీసులు, నేషనల్ పార్కులో అయితే పార్కు రేంజర్లు; వాళ్ల మామూలు నంబర్లు కాగితంలోనే రాసి ఉండాలి. శాటిలైట్ ద్వారా మెసేజ్ పంపే చిన్న యంత్రాలు కూడా దొరుకుతాయి, అరచేతిలో పడతాయి. ఒకటి కొనుక్కోమని గట్టిగా చెప్పండి. సంక్రాంతికి ఇంటికొచ్చేటప్పుడు మాత్రం దాన్ని అక్కడే వదిలి రమ్మనండి. మన దేశంలో అనుమతి లేకుండా అలాంటివి తెస్తే విమానాశ్రయంలోనే పట్టుకుంటారు.

అమ్మగారికి ఒక మాట. చలికాలంలో అక్కడ ఆదివారం సాయంత్రం 6 గంటలంటే మనకు సోమవారం ఉదయం 7:30. ఆదివారం రాత్రి ఫోన్ రాలేదని ఏడవకండి, అప్పటికి అక్కడ ఇంకా ఆదివారం పొద్దునే, వాడు కొండ మీదే ఉంటాడు. పైగా ఆ మట్టిరోడ్ల మీద రాళ్లు టైర్లను కోసేస్తాయి, ఒక గంట ఆలస్యం మామూలే. స్టెప్నీ ఒకటి కాదు, రెండు పెట్టుకోమనండి.

ప్రశ్న: ఆంటీ, మాది పుత్తూరు. ఎమ్మెస్ చదవడానికి టక్సన్ వెళ్తున్నా. అలిపిరి మెట్లు ఎక్కడాగకుండా ఎక్కేస్తా. అరిజోనా కొండలకు ఈ సాధన సరిపోతుందా? – ఒక విద్యార్థిని

జవాబు: ఎక్కి, ఎట్లా దిగుతావు పాపా? బస్సులోనే కదా! మనందరిదీ అదే అలవాటు. 3,550 మెట్లూ ఎక్కిన కాళ్లకు దిగడం తెలియదు. ఈసారి మోకాలి మెట్టు మీదుగా నడిచే దిగు. మర్నాడు తొడలు పట్టేస్తే నీకే తెలుస్తుంది ఏది నేర్చుకోవాలో. ఇంకొకటి, మన దారిలో పైన కప్పు, పక్కన అంగళ్లు, అడుగడుగునా నీళ్లు. అక్కడ నువ్వు మోసినవే నీళ్లు. ఎడారి పార్కుల్లో మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే దాదాపు 4 లీటర్లకు తగ్గొద్దంటారు. అందుకే వీపున 4 లీటర్లు మోస్తూ మెట్లెక్కి చూడు. ఆ పొడిగాలిలో చెమట పట్టినట్టే అనిపించదు, పుట్టగానే ఆరిపోతుంది. ఒట్టి నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడి తల తిరుగుతుంది. ఉప్పు చెనిక్కాయలో, కారబ్బూందో జేబులో ఉండాలి.

మొదట పికాచో పీక్ ఎక్కు. టక్సన్, ఫీనిక్స్‌ల మధ్య ఉంది, 3,374 అడుగులే, కానీ నిటారు. పట్టుకోవడానికి ఇనుప తాళ్లు కట్టారు. తర్వాత మౌంట్ రైట్‌సన్, 9,453 అడుగులు, మంచి దారి ఉంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా అక్కడ వానలు, మధ్యాహ్నం పూట పిడుగులు. ఆ రోజుల్లో తెల్లవారకముందే మొదలుపెట్టి మధ్యాహ్నానికి కిందికొచ్చేయాలి. పళ్లు దూరంగా ఉండే దువ్వెన ఒకటి బ్యాగులో పడేసుకో. తల దువ్వుకోడానికి కాదు! చోయా అనే జెముడు జాతి మొక్క ముళ్ల ముద్దలు తగిలితే చాలు కాలికి అంటుకుంటాయి. చేత్తో పీకితే చేతికి పట్టుకుంటాయి. దువ్వెన దూర్చి ఒక్క విదిలింపు విదిలిస్తే ఎగిరిపోతుంది.

ప్రశ్న: దారి లేని కొండలెక్కే సరదా మా కుర్రాళ్లకూ ఉంది. ఆదివారాలు శేషాచలం అడవిలోకి పోవచ్చా? – పీలేరు మిత్రబృందం

జవాబు: చెప్పాపెట్టకుండా పోకూడదు. అది శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు, పైగా ఎర్రచందనం అడవి. తెల్లవారుజామున సంచులు తగిలించుకుని అడవిలో నడిచే కుర్రాళ్లను చూసి ఎర్రచందనం దొంగల్ని పట్టే టాస్క్‌ఫోర్స్ వాళ్లు ఏమనుకుంటారో మీకు నేను చెప్పాలా? చిరుతలు, ఏనుగులు అది కాక. అటవీశాఖ ఆఫీసులో అనుమతి అడగండి, ఇస్తే దారి తెలిసిన వాళ్లను వెంటబెట్టుకుని పోండి. ఇవ్వకపోతే శ్రీవారి మెట్టు ఉంది, 2,388 మెట్లు. ఎక్కండి, అడిగి తెలుసుకుని అనుమతి ఉన్న వేళల్లో దిగండి.