ఫ్యాన్ తిరగగానే టెంపరేచర్ పడిపోతుంటే సెన్సార్ మార్చకండి, ఎర్త్ చూడండి

మీ మారుతి ఎస్టీమ్ 1.3 కారుకి మెగాస్క్విర్ట్-2 (బయట కొని పెట్టుకునే ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పెట్టారు. రేడియేటర్ ఫ్యాన్ ఆన్ అయిన క్షణమే కూలెంట్ టెంపరేచర్ ఏడు డిగ్రీలు పడిపోతోంది, 3,500 ఆర్పీఎం దాటితే మిస్సింగ్ కొడుతోంది, కొత్త సెన్సార్ వేసినా మారలేదు అన్నారు. మారదండి. మొదటిది ఎర్త్ సమస్య. రెండోది చాలావరకు క్రాంక్ సిగ్నల్ (ఇంజిన్ ఎక్కడ తిరుగుతోందో ఈసీయూకి చెప్పే సిగ్నల్) సమస్య.

ఫ్యాన్ తిరిగిన సెకనులోనే నీళ్లు ఏడు డిగ్రీలు చల్లబడవు కదా. కూలెంట్ సెన్సార్ అంటే వేడికి రెసిస్టెన్స్ తగ్గే ముక్క, అంతే. ఈసీయూ లోపల 5 వోల్టుల నుంచి 2,490 ఓమ్‌ల రెసిస్టర్ వస్తుంది, ఆ రెసిస్టర్, సెన్సార్ కలిసే చోటి వోల్టేజీనే ఈసీయూ చదువుతుంది. జీఎం (జనరల్ మోటార్స్) సెన్సార్ అయితే 90 డిగ్రీల దగ్గర సుమారు 240 ఓమ్‌లు, అంటే 0.44 వోల్టులు. 80 దగ్గర 330 ఓమ్‌లు, 0.59 వోల్టులు. పది డిగ్రీలకు తేడా 0.15 వోల్టే! సెన్సార్ ఎర్త్ వైరు బాడీకి బిగించి ఉంటే, ఫ్యాన్ కరెంటు వల్ల ఆ చోటు 0.1 వోల్టు పైకి లేచినా చాలు, ఈసీయూకి ఇంజిన్ ఏడు డిగ్రీలు చల్లగా కనిపిస్తుంది. ఫ్యాన్‌ని ఈసీయూనే నడుపుతుంటే ఇంకో చిక్కు: 95కి ఫ్యాన్ ఆన్, రీడింగ్ 88, వెంటనే ఆఫ్, మళ్లీ 95. రిలే టకటకలాడేది అందుకే.

కొలిచి చూడండి. మల్టీమీటర్ 2 వోల్టుల డీసీ రేంజ్‌లో పెట్టి, నల్ల ప్రోబ్ ఈసీయూ ఎర్త్ వైరుకి, ఎర్రది సెన్సార్ ఎర్త్ పిన్నుకి ఆనించండి. ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి హెడ్‌లైట్లు, ఫ్యాన్ వేయండి. 0.02 వోల్టులు దాటకూడదు. 0.05 దాటితే దొంగ దొరికినట్టే.

కూలెంట్, ఎయిర్ టెంపరేచర్, థ్రాటిల్ మూడింటి ఎర్త్‌లూ కలిపి ఈసీయూ కనెక్టర్ 7వ పిన్నుకే తీసుకెళ్లండి. బాడీకి, ఇంజిన్‌కి ఎక్కడా తగలనివ్వకండి. డ్యాష్‌బోర్డు మీటర్‌కి ఉన్న ఒంటి వైరు సెన్సార్‌ని ఈసీయూకి పంచుకోకండి, రెండు వైర్లది విడిగా వేయాలి. ఈసీయూ పవర్ ఎర్త్‌లన్నీ ఇంజిన్ మీద ఒకే బోల్టుకి, పెయింట్ గీకి, క్రింప్ చేసిన లగ్గులతో బిగించండి. తర్వాత కీ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా మ్యాప్ (ఇంటేక్ మానిఫోల్డ్‌లో గాలి ప్రెషర్) రీడింగ్ చూడండి, అది బయటి గాలి ప్రెషర్‌కి సరిపోవాలి: విశాఖలో 101 కిలోపాస్కల్ దగ్గర, హైదరాబాద్‌లో 95 దగ్గర ఉండాలి.

సెన్సార్ జీఎంది కాకపోతే ట్యూనర్‌స్టూడియోలో (ఈసీయూని సెట్ చేసే ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్) థర్మిస్టర్ టేబుల్, అంటే ఏ ఓమ్‌లకు ఎంత వేడో చెప్పే పట్టిక, మార్చాలి. ఐసు నీళ్లలో, గది వేడిలో, మరిగే నీళ్లలో ఓమ్‌లు కొలిచి ఆ మూడు అంకెలు ఎక్కించండి. హైదరాబాద్ ఎత్తులో నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి, 100 అని రాయకండి.

ఇక మిస్సింగ్. ఊహించే ముందు లాగ్ తీసి సింక్ లాస్ కౌంటర్ (ఈసీయూ క్రాంక్ స్థానం లెక్క తప్పిన సార్లు) చూడండి. మిస్సింగ్ వచ్చినప్పుడల్లా అది పెరుగుతుంటే ఫ్యూయల్ టేబుల్ ముట్టుకోకండి, తప్పు అక్కడ లేదు. కాంపోజిట్ లాగర్‌లో (పళ్ల సిగ్నల్‌ని గీసి చూపే స్క్రీన్) 36-1 వీల్ (36 పళ్ల చోట ఒక పన్ను లేని క్రాంక్ చక్రం) తాలూకు ఖాళీ ప్రతి చుట్టులో ఒక్కసారే, ఒకే చోట రావాలి. మధ్యలో అదనపు పళ్లు కనిపిస్తే నాయిస్, అంటే బయటి నుంచి దూరిన తప్పుడు సిగ్నల్. ముందు స్పార్క్ ప్లగ్గులు చూడండి: అదే హీట్ రేంజ్‌లో రెసిస్టర్ ప్లగ్గు ఉండాలి, ఎన్‌జీకేలో బీపీ6ఈఎస్ కాదు, బీపీఆర్6ఈఎస్. ఉత్త రాగి తీగ హెచ్‌టీ లీడ్లు (ప్లగ్గులకి వెళ్లే హై వోల్టేజ్ వైర్లు) ఉన్నా రెసిస్టర్ లేని ప్లగ్గుల్లాగే నాయిస్ తెస్తాయి. క్రాంక్ సెన్సార్ కేబుల్ షీల్డ్‌ని ఈసీయూ వైపు మాత్రమే ఎర్త్ చేయండి, రెండో కొస వదిలేయండి. కేబుల్‌ని హెచ్‌టీ లీడ్లకి దూరంగా నడపండి.

ఆర్పీఎం పెరిగేకొద్దీ ఖాళీ చోటు జరుగుతున్నట్టు కనిపిస్తే వీఆర్ సెన్సార్ (అయస్కాంతంతో పళ్లను గుర్తించే క్రాంక్ సెన్సార్) రెండు వైర్లూ తారుమారు అయి ఉంటాయి, మార్చి చూడండి. ఈసీయూ బోర్డు మీద ఆర్52, ఆర్56 అనే క్రాంక్ సిగ్నల్ సర్దుబాటు స్క్రూలు రెండూ ఎడమవైపు చివరిదాకా, దాదాపు 12 చుట్లు తిప్పి మొదలుపెట్టండి. అప్పటికీ పై ఆర్పీఎంలో సింక్ పోతుంటే 24వ పిన్నుకి వెళ్లే సిగ్నల్ వైరు మధ్యలో 10 కిలో ఓమ్ రెసిస్టర్ వేయండి.

వైర్లు తారుమారు చేస్తే టైమింగ్ కూడా జరుగుతుంది. ట్యూనర్‌స్టూడియోలో టైమింగ్ 10 డిగ్రీలకు ఫిక్స్ చేసి, టైమింగ్ లైట్‌తో పుల్లీ గుర్తు సరిచూసి, ట్రిగ్గర్ యాంగిల్ (క్రాంక్ సిగ్నల్‌కీ అసలు క్రాంక్ స్థానానికీ తేడా చెప్పే సెట్టింగ్) దిద్దాకే బండి రోడ్డెక్కించండి.