ఆ జిప్ ఫైల్ తెరవకండి

ప్రశ్న: ప్రభల తీర్థం (కనుమనాటి కోనసీమ ఉత్సవం) మీద పాట చేస్తున్నాం. బీట్లు (మనం గొంతు కలుపుకోడానికి సిద్ధంగా ఉండే సంగీతం) అమ్మే ఒక సైట్‌లో 1,500 రూపాయలకు ఒకటి నచ్చింది. అమ్మేవాడు సైట్ బయట కొంటే 500 తగ్గిస్తానని జిప్ లింకు, దాని పాస్‌వర్డ్ ఇన్‌స్టాలో పంపాడు. నిరుడు కొన్న బీట్‌కి యూట్యూబ్‌లో క్లెయిమ్ (ఆ సంగీతం మాదేనని వేరొకరి దావా) పడింది. ఈ సైట్లను నమ్మొచ్చా? (అంబాజీపేట నుంచి ఒక పాఠకుడు)

జవాబు: సంక్రాంతి దగ్గర పడిందంటే కోనసీమ నుంచి నాకు ఇవే ఉత్తరాలు. అందరిదీ ఒకటే మాట: డబ్బు కట్టాం కదా, బీట్ మాదే కదా అని. కాదు. ఆ ధరకు మీకు వచ్చేది లీజు. కొబ్బరితోట కౌలుకు తీసుకున్నట్టే, కాకపోతే అదే తోటను ఇంకా ఎంతమందికైనా ఇస్తారు. వాళ్లలో ఒకరు తన పాటను కంటెంట్ ఐడీలో (ఒకే సంగీతం ఉన్న వీడియోలను యూట్యూబ్ పట్టుకునే ఏర్పాటు) నమోదు చేస్తే మీ పాటకు క్లెయిమ్ పడుతుంది. చాలా లీజులు ఆ నమోదును ఒప్పుకోవు, అయినా చేసేస్తారు. మీ లైసెన్స్ వివరాలు చూపించి డిస్ప్యూట్ (అభ్యంతరం) పెట్టండి. అవతలివాళ్లు 30 రోజుల్లో స్పందించాలి.

డబ్బు కట్టకముందే లైసెన్స్ మొత్తం చదవనిచ్చే సైట్‌నే నమ్మండి. ఎన్ని స్ట్రీమ్‌ల వరకు చెల్లుతుంది, ఇతరుల పాటల ముక్కలు వాడారా, రాయల్టీలో వాటా అడుగుతారా అన్నవి అందులో ఉండాలి. 'ఫ్రీ డౌన్‌లోడ్' అని పెద్ద బటన్ పెట్టి, డబ్బు రాని వాడకానికే అన్న షరతును కంటికి ఆనని అక్షరాల్లో దాచే సైట్లంటే నాకు మంట. ఎక్స్‌క్లూజివ్ (ఇంకెవరికీ ఇవ్వం) అన్నా నోటిమాట చాలదు. మన కాపీరైట్ చట్టం (1957) ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే అయిదేళ్లే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే.

నన్ను భయపెట్టింది మాత్రం ఆ జిప్. దాన్ని తెరవకండి. పాస్‌వర్డ్ ఉంటే యాంటీవైరస్ లోపలికి తొంగిచూడలేదు, పెట్టేది అందుకే. రావులపాలెంలో ఒక కుర్రాడి ల్యాప్‌టాప్ నేనే చూశాను. స్టెమ్స్ (ఒక్కో వాయిద్యానికి విడిగా ఉండే ఫైళ్లు) అన్న ఫోల్డర్‌లో ఏడు ఫైళ్లు, అన్నిటికీ పాట గుర్తే. 'డ్రమ్స్.వేవ్' అని కనిపించిన దాని అసలు పేరు చివర ఎస్‌సీఆర్ అని ఉంది. అది పాట కాదు, ప్రోగ్రామ్. రెండుసార్లు నొక్కగానే బ్రౌజర్‌లోని లాగిన్ కుకీలు (మనం లాగిన్ అయి ఉన్నామని గుర్తుంచే సమాచారం) ఎత్తుకుపోయింది. ఆల్రెడీ లాగిన్ అయిన సెషనే దొంగ చేతికి వెళ్తే ఓటీపీ అడిగేదెవరు? రాత్రి భజన పాటలున్న ఛానల్, తెల్లారేసరికి క్రిప్టో లైవ్ అయి కూర్చుంది. యూట్యూబర్ల మీద ఇలాంటి దాడుల గురించి గూగుల్ భద్రతా బృందం 2021లోనే హెచ్చరించింది.

ఫైల్ పేరు చివరి అక్షరాలను దాచిపెట్టడమే మామూలు సెట్టింగ్‌గా ఇస్తున్న కంప్యూటర్ల మీద నా కోపం ఇవాళ్టిది కాదు. ఇన్నేళ్లుగా ఇన్ని ఇళ్లు ముంచినా మార్చరేం? ముందు ఆ సెట్టింగ్ మార్చి, పూర్తి పేరు కనబడేలా చేసుకోండి. సైజు కూడా చూడండి. 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ స్టీరియో వేవ్ నిమిషానికి దాదాపు 16 ఎంబీ. మూడు నిమిషాల పాటకు పది స్టెమ్స్ అంటే 480 ఎంబీ దరిదాపు. 12 ఎంబీ జిప్‌లో అవన్నీ ఉన్నాయంటే నమ్మకండి. అలాగని పెద్ద ఫైలైతే భయం లేదనీ కాదు, యాంటీవైరస్ తప్పించుకోవడానికి కావాలని ఉబ్బించేవాళ్లూ ఉన్నారు. ఇప్పటికే తెరిచేసి ఉంటే వెంటనే నెట్ తీసేయండి. వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేయండి. డబ్బు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇంకో మాట. కనుమనాడు 'అశ్శరభ శరభ' అంటూ జగ్గన్నతోటకు ప్రభలను మోసుకెళ్లే పాటకు, ఎక్కడో గదిలో చేసిన డ్రమ్ లూప్ ఎందుకండీ? మీ ఊరి డప్పు, సన్నాయి వాళ్లను ఓ పూట స్టూడియోకి పిలవండి. సరైన డబ్బులివ్వండి, హక్కులెవరివో రాసుకుని సంతకాలు పెట్టించండి, వీడియో కింద వాళ్ల పేర్లు వేయండి.